పోగు సన్నబడింది, కణం లోపలికి పోలేదు: ఒక స్కాఫోల్డ్ కేస్ స్టడీ

మైక్రోస్కోప్ కింద పెట్టిన కోతలో నీలం చుక్కలన్నీ ఒకే వరసలో ఉన్నాయి. ఒక్కో చుక్క ఒక కణం కేంద్రకం. కణాలు లోపలికి పాకి పెరగాలని సన్నని పోగులతో మేం చేసిన షీట్ అది. మందం దాదాపు 200 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కణాలు మాత్రం పై 15, 20 మైక్రాన్లలోనే ఆగిపోయాయి, చెరువు మీద పాచి పరుచుకున్నట్టు. కిందంతా ఖాళీ. 14 రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంచి, రెండు రోజులకోసారి మీడియం, అంటే కణాలను పెంచే ద్రవం, మార్చి, ఒక్క ప్లేటు కూడా కంటామినేట్ కాకుండా కాపాడుకున్న ప్రయోగం అది. ఆ షీట్ మేం అప్పటిదాకా తీసినవాటన్నిటిలోకీ అందమైనది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటో చూసిన ప్రతివాళ్లూ మెచ్చుకున్నారు.

ఈ కేసు ఆ షీట్ గురించే. అది ఎలా తయారైంది, దాన్ని చూసి మేం ఎందుకు పొరబడ్డాం, తర్వాత ఏం మార్చాం అన్నది ఎలక్ట్రోస్పిన్నింగ్ (కరెంటుతో పాలిమర్ పోగులు తీయడం) కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. చెడిపోయిన షీట్ల గురించి కూడా రాస్తాను. పేపర్లలో కనపడనివి అవే.

అడిగింది ఏమిటంటే

హనుమకొండలో మాది చిన్న పాలిమర్ ల్యాబ్. నేనూ, ఒక ప్రాజెక్ట్ అసిస్టెంటూ. కణాల పని మాత్రం వేరే ల్యాబ్‌తో కలిసి చేస్తాం. వరంగల్‌లో ప్రాక్టీస్ చేసే ఒక ప్లాస్టిక్ సర్జన్ మేడం ఒకరోజు మా దగ్గరికి వచ్చారు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చే కాలిన గాయాల వాళ్లనూ, షుగర్ పుండ్ల వాళ్లనూ ఆమె రోజూ చూస్తారు. "తొడ మీంచి పల్చగా చర్మం తీసి గాయం మీద అతికిస్తాం. పైపొర పట్టుకుంటుంది. కానీ దాని కింది పొర పూర్తిగా పోయినచోట ఆ అతుకు నెలల్లో ముడుచుకుపోతుంది. మోచేతి దగ్గరైతే చెయ్యి చాపలేరు. ఆ కింది పొర మళ్లీ పెరగడానికి ఆసరా ఇచ్చే షీట్ మీరు చెయ్యగలరా?" అని అడిగారు.

ఇలాంటివి లోకంలో లేవని కాదు. చర్మానికి బలమిచ్చే ప్రోటీన్ కొలాజెన్‌తో చేసిన ఇంటెగ్రా అనే షీట్‌కు 1996లోనే అమెరికాలో అనుమతి వచ్చింది. ఆమె అడిగింది ఇక్కడ చెయ్యగలిగేది, ఇక్కడివాళ్లు కొనగలిగేది. ముందే ఒక మాట. ఇందులో ఏ షీటూ ఏ పేషెంట్ మీదా పెట్టలేదు. ఇదంతా ల్యాబ్‌లో, ప్లేట్లలో పెంచిన కణాల దాకా వచ్చిన పని.

స్కాఫోల్డ్ అంటే ఇల్లు కట్టేటప్పుడు వేసే పరంజా లాంటిది. కణాలు దాన్ని పట్టుకుని పాకుతాయి, పెరుగుతాయి, సొంత కొలాజెన్ అల్లుకుంటాయి. గోడ లేచాక పరంజా విప్పేస్తాం. ఇక్కడ విప్పేవాళ్లు ఉండరు కాబట్టి అది తనంతట తానే కరిగిపోవాలి. ఆపరేషన్లలో వాడే కరిగిపోయే కుట్లు అందరికీ తెలిసినవే. మోనోక్రిల్ దారంలో ఉండేది గ్లైకోలైడ్, కాప్రోలాక్టోన్ కలిపిన పాలిమర్. మేం ఎంచుకున్నది ఆ కాప్రోలాక్టోన్ ఒక్కదానితో చేసిన పీసీఎల్. 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది, చౌక, మెత్తగా వంగుతుంది, కొత్తవాళ్ల చేతిలో కూడా బాగానే పోగవుతుంది. ఒంట్లో పూర్తిగా పోవడానికి మాత్రం రెండు మూడేళ్లు పడుతుంది. ఈ చివరి సంగతి అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు.

పోగు తీసే పద్ధతి

రాట్నం మీద ఏకు నుంచి నూలు తీసేటప్పుడు లాగేది చెయ్యి. ఎలక్ట్రోస్పిన్నింగ్‌లో లాగేది కరెంటు. పాలిమర్‌ను సాల్వెంట్‌లో కరిగించి సిరంజిలో పోస్తాం. సిరంజి పంపు దాన్ని గంటకు మిల్లీలీటరో, అంతకంటే తక్కువో చొప్పున మొన లేని సూదిలోంచి నెడుతుంది. సూదికి పది, ఇరవై వేల వోల్టులు ఇచ్చి, ఎదురుగా ఒక జానెడు దూరంలో ఎర్త్ చేసిన రేకు పెడతాం. సూది చివరి బొట్టు గుండ్రంగా ఉండలేక శంకువులా సాగుతుంది. ఈ ఆకారాన్ని 1964లో జి.ఐ. టేలర్ లెక్కకట్టి చూపాడు కాబట్టి దాన్ని టేలర్ కోన్ అంటారు. ఈ దారిలో పోగు తీసే యంత్రానికి ఫార్మ్‌హాల్స్ అంతకు ముప్పై ఏళ్ల ముందే, 1934లో పేటెంట్ తీసుకున్నాడు.

శంకువు కొస నుంచి బయలుదేరిన ధార కొద్ది దూరం తిన్నగా పోయి, తర్వాత కొరడా ఝాడించినట్టు గిరగిరా తిరుగుతుంది. దాని మీద ఉన్న చార్జ్ ఒకదాన్నొకటి నెట్టుకోవడం వల్ల అలా జరుగుతుంది. పోగు సన్నబడేది ప్రధానంగా ఆ తిరగడంలోనే. సాల్వెంట్ ఆవిరైపోయి, రేకు మీద పడేసరికి పొడి పోగు మిగలాలి. ఈ ఆఖరి మాట గుర్తుంచుకోండి, మా మొదటి కష్టం అక్కడే వచ్చింది. ఇంకొకటి. పవర్ సప్లై ఆపినా చార్జ్ వెంటనే పోదు. ఎర్తింగ్ రాడ్ తాకించకుండా సూది ముట్టుకోవద్దని మా గది తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాం.

సన్నని పోగు ఎందుకు కావాలనుకున్నామో కూడా చెప్పాలి. చర్మం కింది పొరలో ఉండే కొలాజెన్ పీచుల మందం సుమారు 50 నుంచి 500 నానోమీటర్లు (వెయ్యి నానోమీటర్లు ఒక మైక్రాన్). కృత్రిమ పోగు కూడా అంతే సన్నగా ఉంటే కణం దాన్ని తన సొంతదిగా గుర్తుపడుతుందన్న వాదన ఈ రంగంలో మొదటినుంచీ బలంగా ఉంది. మేమూ దాన్నే పట్టుకున్నాం. పోగు ఎంత సన్నగా వస్తే అంత గెలిచినట్టు.

సాల్వెంట్ దగ్గర కొంత ఆలోచించాం. పీసీఎల్‌కు అందరూ వాడేది క్లోరోఫాం. కానీ మందుల్లో మిగిలిపోయే సాల్వెంట్లకు పెట్టిన ఐసీహెచ్ క్యూ3సీ మార్గదర్శకంలో క్లోరోఫాం హద్దు 60 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 60 పాళ్లు మాత్రమే. ఎసిటిక్ యాసిడ్, ఫార్మిక్ యాసిడ్ తక్కువ ప్రమాదమున్న మూడో తరగతిలో ఉన్నాయి. పైగా యాసిడ్‌లో పీసీఎల్, కొలాజెన్ నుంచి వచ్చే జెలటిన్ రెండూ కరుగుతాయి. పోగు కూడా క్లోరోఫాంలో వచ్చేదానికంటే ఎన్నో రెట్లు సన్నగా వస్తుంది. అందుకని రెండు యాసిడ్‌లూ సమపాళ్లలో తీసుకుని, 80,000 అణుభారం ఉన్న పీసీఎల్ 70 పాళ్లు, జెలటిన్ 30 పాళ్లు కలిపి, మొత్తం 15 శాతం ద్రావణం చేశాం. 18 కిలోవోల్టులు, 13 సెంటీమీటర్ల దూరం, గంటకు 0.4 మిల్లీలీటర్లు.

జనవరిలో తీసిన షీట్లు బ్రహ్మాండంగా వచ్చాయి. ఫొటోలో వంద పోగులు కొలిస్తే సగటు 250 నానోమీటర్ల దగ్గర ఉంది. తలవెంట్రుకలో దాదాపు మూడు వందో వంతు. పూసలు లేవు, అతుకులు లేవు.

వాన పడ్డాక

కణాల ప్రయోగాలు మొదలయ్యేసరికి జులై వచ్చింది. ద్రావణం అదే, వోల్టేజీ అదే, సూది అదే. షీట్ మాత్రం వేరే. పోగుల మధ్య మధ్య పూసలు. ఒకదాని మీద ఒకటి పడిన పోగులు అతుక్కుపోయి, ఆరకముందే మడత పెట్టిన పల్చటి అప్పడంలా ఒకే పొరగా తేలాయి. ఆ షీట్ల మీద వేసిన ఎల్929 కణాలు (ల్యాబ్ పరీక్షలకు వాడే ఎలుక కణాలు) రెండో రోజుకే చాలావరకు చచ్చిపోయాయి. మొదటి వారం అంతా సిరంజి పంపు మీద అనుమానం, తర్వాత కొత్తగా వచ్చిన జెలటిన్ డబ్బా మీద అనుమానం. రెండూ మార్చి చూశాం, ఫలితం మారలేదు.

మా అసిస్టెంట్ వాళ్లది వరంగల్ కొత్తవాడ. ఇంట్లో తరతరాలుగా జంపఖానాలు నేస్తారు. ఒకరోజు సూది చివర గడ్డకట్టిన బొట్టును తుడుస్తూ, "మా ఇంట్ల వానాకాలమే దారం తెగది సార్. ఎండాకాలమైతే మగ్గం కింద నీళ్లు జల్లుతరు మా నాయిన. ఇక్కడేంది, వానలు పడ్డంక ఖరాబైతుంది?" అంది. ఆమె చెప్పింది ముమ్మాటికీ నిజం. పత్తి నూలు తేమ పీల్చుకుంటే బలపడుతుంది. అందుకే నేతగాళ్లు మగ్గం గది చల్లగా, తడితడిగా ఉండాలని చూస్తారు. ఆ ప్రశ్న వినేదాకా మేం గదిలోని తేమ సంగతే ఆలోచించలేదు. లాగ్‌బుక్‌లో ఉష్ణోగ్రత ఉంది, తేమ గడి లేదు. ఆ సాయంత్రం మీటరు కొని పెడితే 81 శాతం చూపించింది.

పత్తి పోగు ముందే తయారై ఉంటుంది. మా పోగు గాలిలో తయారవుతోంది. సూదికీ రేకుకూ మధ్య ఉన్న ఆ క్షణంలోనే సాల్వెంట్ అంతా ఎగిరిపోవాలి. మేం వాడిన యాసిడ్‌లు నీళ్లతో ఇట్టే కలుస్తాయి. గాలిలో తేమ ఎక్కువైతే ధార ఆరడానికి బదులు తేమను పీల్చుకుంటుంది. పోగు తడిగానే రేకు మీద పడుతుంది, పక్క పోగుతో కలిసిపోతుంది. పీసీఎల్‌కు నీళ్లు పడవు కాబట్టి సూది చివరే బొట్టు మీద తోలు కట్టి, ధార ఆగి ఆగి వస్తుంది.

పూసలకు కారణం మాత్రం వేరే ఉంది, అది కనుక్కోవడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. మేం సోమవారం ఒకేసారి ద్రావణం కలిపి శనివారం దాకా వాడేవాళ్లం. పీసీఎల్ గొలుసులు ఎస్టర్ బంధాలతో కట్టినవి. నీళ్లు, యాసిడ్ కలిస్తే ఆ బంధాలు తెగుతాయి. ఒంట్లో రెండేళ్లలో జరగాల్సిన పని, ఫార్మిక్ యాసిడ్ సీసాలో రోజుల్లోనే మొదలైపోతోంది. గొలుసులు పొట్టివైతే ద్రావణం పల్చబడుతుంది, ధార సాగకుండా బొట్లుగా విడిపోవాలని చూస్తుంది. పోగు మీద పూసలంటే ఆ బొట్లే. మా దగ్గర చిక్కదనం కొలిచే మంచి విస్కామీటర్ లేదు. ఒకే పిపెట్ నింపి, అది ఖాళీ కావడానికి పట్టే టైం స్టాప్‌వాచ్‌తో రోజూ రాశాం. గురువారానికి సోమవారం కంటే బాగా త్వరగా కారిపోతోంది. అంతకుమించిన రుజువు అక్కర్లేకపోయింది. జనవరిలో ఈ గొడవ ఎందుకు రాలేదంటే, అప్పుడు కొత్త ఉత్సాహంలో ఏ పూట ద్రావణం ఆ పూటే కలిపేవాళ్లం.

కణాలు ఎందుకు చచ్చాయన్నది ప్లేటు రంగే చెప్పింది. కల్చర్ మీడియంలో ఫినాల్ రెడ్ ఉంటుంది. ఎర్రగా ఉంటే బాగున్నట్టు, పసుపుపచ్చకు తిరిగితే యాసిడ్ ఎక్కువైనట్టు. కణాలు వేయకుండా ఉట్టి షీట్ ముక్క వేసిన ప్లేటు గుంటలో కూడా గంటలోపే మీడియం పచ్చబడింది. అతుక్కుపోయిన పోగుల మధ్య యాసిడ్ చిక్కుకుని ఉంది. తక్కువ ప్రమాదమున్న సాల్వెంట్ కదా అని మేం ఆరబెట్టడంలో అశ్రద్ధ చేశాం. తరగతి ఏదైనా, కణం పక్కన కూర్చున్న యాసిడ్ యాసిడే.

మరమ్మతు పెద్ద ఖర్చేమీ కాలేదు. సెటప్ మొత్తానికి ఆక్రిలిక్ పెట్టె చేయించి, చిన్న డీహ్యూమిడిఫయర్ పెట్టి, తేమ 40 నుంచి 45 శాతం మధ్య ఉంటేనే వోల్టేజీ ఆన్ చెయ్యాలని నిబంధన పెట్టుకున్నాం. మరీ పొడిగా చేసినా సూది చివరే ఎండి మూసుకుపోతుంది, కాబట్టి రెండు వైపులా హద్దు ఉండాలి. ద్రావణం కలిపిన 6 గంటల్లో వాడాలి, మిగిలితే పారబోయాలి. షీట్ తీశాక వాక్యూమ్‌లో రెండు రోజులు, అదీ 37 డిగ్రీలు దాటకుండా. త్వరగా ఆరుతుందని ఓవెన్ వేడి 60కి పెంచితే పీసీఎల్ కరిగి పోగులన్నీ ముద్దవుతాయి. వేడి ఆవిరితో క్రిములను చంపే ఆటోక్లేవ్ కూడా అందుకే కుదరదు, 70 శాతం ఎథనాల్‌తో సరిపెట్టుకున్నాం.

జెలటిన్‌ను అలాగే వదిలేస్తే 37 డిగ్రీల మీడియంలో కరిగి వెళ్లిపోతుంది, దాన్ని కట్టిపడేయాలి. అలా కట్టిపడేసే రసాయనాల్లో గ్లూటరాల్డిహైడ్ చౌకే కానీ మిగిలితే కణాలకు విషం. గార్డీనియా కాయల నుంచి వచ్చే జెనిపిన్ ఎంచుకున్నాం. ఖరీదు ఎక్కువ, పని నిదానం, కానీ పని జరుగుతోందని కంటికి కనిపిస్తుంది: తెల్లటి షీట్ నెమ్మదిగా నీలంగా మారుతుంది. నీళ్లలో చేస్తే బంధం పడేలోపే జెలటిన్ కరుగుతుంది కాబట్టి ఎథనాల్‌లో చేశాం. జెనిపిన్ వాడేవాళ్లకు ఒక జాగ్రత్త: ఆ నీలం షీట్ మైక్రోస్కోప్ కింద సొంతంగా ఎర్రటి కాంతి ఇస్తుంది. కణాలకు ఎర్రటి రంగు వేసి చూస్తే ఏది కణమో ఏది షీటో తెలియదు. మేం కేంద్రకాలకు నీలం రంగు ఎంచుకున్నది అందుకే.

నీలం చుక్కల వరస

అక్టోబర్‌కు షీట్లు మళ్లీ జనవరి అందానికి వచ్చాయి. వైద్య పరికరాలు కణాలకు విషమా కాదా అని తేల్చే ఐఎస్ఓ 10993-5 ప్రమాణం ప్రకారం షీట్ నానబెట్టిన ద్రవంలో కణాల బతుకు 70 శాతం కంటే తగ్గితే విషపూరితం అంటారు. మాది ఆ గీతకు చాలా పైన ఉంది. పైనుంచి తీసిన ఫొటోల్లో చర్మం కణాలు, అంటే ఫైబ్రోబ్లాస్టులు, షీట్ నిండా చేతులు చాపుకుని పడుకున్నాయి. సర్జన్ మేడంకు ఆ ఫొటోలు పంపించాం. ఆమె ఒకే ఒక్క మాట అడిగారు: "పైన కనపడుతున్నాయి సరే, లోపల ఎంత దూరం పోయాయి?"

మేం అప్పటిదాకా షీట్‌ను అడ్డంగా కోసి చూడలేదు. గడ్డకట్టించి పల్చగా కోసే క్రయోస్టాట్‌లో కోయించి చూస్తే, మొదట్లో చెప్పిన ఆ వరస కనపడింది.

లెక్క వేస్తే ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. పోగు సన్నబడితే పోగుల మధ్య సందు కూడా చిన్నదవుతుంది. 250 నానోమీటర్ల పోగులతో అల్లిన షీట్‌లో సందులు ఒకటి రెండు మైక్రాన్లకు మించవు. కణం 10, 20 మైక్రాన్లు ఉంటుంది. మమ్మల్ని తప్పుదారి పట్టించింది ఖాళీ శాతం. షీట్ బరువు, కొలతలు, పీసీఎల్ సాంద్రత 1.145 పెట్టి లెక్కిస్తే 85 శాతానికి పైగా ఖాళీయే అని వచ్చింది. ఆ అంకెను రిపోర్టులో ముందు పేజీలో పెట్టాం. ఖాళీ ఎంత ఉందన్నది వేరు, ఆ ఖాళీలోకి పోయే తలుపు ఎంత ఉందన్నది వేరు. రామప్ప గుడి శిఖరం ఇటుకలు నీళ్లలో తేలతాయని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. లోపల ఖాళీలు ఉండటం, వాటిలో గాలి నిలవటం వల్లే తేలతాయి. అక్కడ కావాల్సింది తేలిక. మాకు కావాల్సింది దారి.

శరీరంలో కొలాజెన్ పీచులు అంతే సన్నగా ఉన్నా కణాలు తిరుగుతున్నాయి కదా అని మా అసిస్టెంట్ అడిగింది. మంచి ప్రశ్న. శరీరంలో ఆ పీచులు వదులుగా, నీళ్లు నిండిన జెల్ మధ్య ఉంటాయి. కణం అవసరమైతే ఎంజైములు వదిలి కొలాజెన్‌ను కోసుకుంటూ, పక్కకు నెట్టుకుంటూ పోతుంది. పీసీఎల్‌ను కోసే ఎంజైము ఫైబ్రోబ్లాస్టు దగ్గర లేదు. జెలటిన్‌ను కోసినా పక్కనే పీసీఎల్ కంచెలా నిలబడి ఉంటుంది. సన్నదనాన్ని శరీరం నుంచి తీసుకున్నాం, వదులుదనాన్ని తీసుకోలేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇంకొకటి. చర్మం కింది పొర పెరగడానికి కొలాజెన్ స్పాంజిలో రంధ్రాలు 20 నుంచి 125 మైక్రాన్లు ఉండాలని యానాస్ బృందం 1989లోనే చూపించింది. ఎలక్ట్రోస్పిన్నింగ్‌లోనే, అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో మైకోస్ బృందం 2006లో 2 నుంచి 10 మైక్రాన్ల లావున్న పీసీఎల్ పోగులు తీసి, సగటు రంధ్రం 20 నుంచి 45 మైక్రాన్లు ఉంటుందని, పోగు లావైన కొద్దీ రంధ్రం పెద్దదవుతుందని కొలిచి చెప్పింది. ఈ రెండు పేపర్లూ మా ఫోల్డర్‌లో ఉన్నాయి. పోగు సన్నదనం మీదే మనసు పెట్టి చదివాం కాబట్టి ఆ అంకెలు మాకు తగల్లేదు.

సందు పెద్దది చెయ్యడం

మొదట అదే ద్రావణాన్ని చిక్కగా చేసి చూశాం. 20 శాతం దాటితే సూది మాటిమాటికీ మూసుకుపోయింది, పోగు 600 నానోమీటర్ల దగ్గర ఆగింది. కణాల వరస కాస్త దిగింది, అంతే. ఆ దారి వదిలేశాం.

ఇక వద్దనుకున్న క్లోరోఫాం దగ్గరికే తిరిగి రావాల్సి వచ్చింది. క్లోరోఫాం ఏడు పాళ్లు, మెథనాల్ ఒక పాలు, పీసీఎల్ 16 శాతం, లావు సూది, గంటకు 3 మిల్లీలీటర్లు. పోగు 4 మైక్రాన్ల దాకా లావైంది. జులైలో చేసి ఉంటే ఇక్కడ ఇంకో వింత చూసేవాళ్లం. క్లోరోఫాం అంత వేగంగా ఆవిరైతే పోగు చల్లబడి, గాలిలోని తేమ దాని మీద మంచులా పడుతుంది, ఆ నీటి చుక్కలు పోగు మీద గుంటలు చేస్తాయి. పెట్టె ఉండటం వల్ల నున్నగా వచ్చాయి. సందులు పెద్దవయ్యాయి కానీ షీట్ మీద వేసిన మీడియం చామాకు మీద నీటిబొట్టులా నిలబడింది. పీసీఎల్ ఒక్కటే అయితే నీళ్లను దగ్గరికి రానివ్వదు. కణాలను మోసుకెళ్లే ద్రవమే లోపలికి దిగకపోతే కణం ఎలా దిగుతుంది?

మూడో దారి పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మాక్ బృందం 2008లో చూపించినది. రెండు సూదులు పెట్టి, తిరిగే డ్రమ్ము మీద రెండు రకాల పోగులు ఒకేసారి చుట్టాలి. ఒకటి ఉండిపోయేది, ఒకటి తర్వాత నీళ్లలో కరిగిపోయేది. కరిగేదానికి పీఈఓ అనే పాలిమర్ వాడతారు. అది పోయినచోట దారి మిగులుతుంది. మేం 2,00,000 అణుభారం ఉన్న పీఈఓను నీళ్లు కలిపిన ఎథనాల్‌లో 10 శాతం కరిగించి, డ్రమ్ముకు ఒక పక్క దాన్నీ, ఎదురుపక్క లావు పీసీఎల్‌నూ పెట్టాం. పీఈఓ నీళ్లలో కరిగే రకం కాబట్టి తేమ 50 శాతం దాటితే దానికీ పూసలు వస్తాయి. వాన కోసం చేయించిన పెట్టె ఇక్కడ రెండోసారి అక్కరకొచ్చింది.

పీఈఓ ఎంత పెట్టాలన్నది తడుముకుంటూ తేల్చుకున్నాం. బరువులో మూడో వంతు పెడితే తేడా తెలియలేదు. మూడింట రెండు వంతులు పెడితే, కడిగాక షీట్ పొరలు పొరలుగా ఊడొచ్చింది. సగానికి సగం దగ్గర ఆగాం.

ఇక్కడ ఒక తప్పు చేశాం, రాయకపోతే ఇంకొకరు కూడా చేస్తారు. పీఈఓ కడిగేశాక మొదటి షీట్లను ఆరబెట్టి దాచాం. ఆరేటప్పుడు నీరు పోగులను దగ్గరికి లాగుతుంది. ఆసరా పోయిన షీట్ దిగజారి సగం మందానికి వచ్చింది, తెరిచిన దారులన్నీ మళ్లీ మూసుకున్నాయి. అప్పటినుంచీ కడిగిన షీట్‌ను ఆరనివ్వడం లేదు. నీళ్ల నుంచి జెలటిన్‌లోకి, అక్కడి నుంచి జెనిపిన్‌లోకి, తర్వాత ఎథనాల్, బఫర్ (ఆమ్లత మారకుండా ఉండే ఉప్పు ద్రావణం), చివరికి మీడియం. ఏ దశలోనూ గాలి తగిలి ఆరకూడదు. జెలటిన్ ఇప్పుడు పోగులో భాగం కాదు, పోగు మీద పూత. అర శాతం ద్రావణంలో నానబెడితే సందులు మూసుకోకుండా పల్చగా పడుతుంది. జెనిపిన్‌లో ఒక రోజు ఉంచితే లేత నీలం. చామాకు లక్షణం పోయి, బొట్టు వేయగానే ఇంకిపోతోంది.

క్లోరోఫాం భయం మాత్రం నన్ను వదల్లేదు. వాక్యూమ్‌లో మూడు రోజులు, తర్వాత నీళ్లు మారుస్తూ రెండు రోజులు ఉంచి, మిగిలిన క్లోరోఫాం ఎంతో కొలిచే గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్షకు బయటికి పంపించాం. 60 పీపీఎం కంటే తక్కువే వచ్చింది. ప్రతి బ్యాచ్ నుంచి ఒక ముక్క ఇలా పంపాల్సిందే. ఒక్క రిపోర్టు చూసి ధైర్యం తెచ్చుకునే విషయం కాదు ఇది.

14 రోజుల తర్వాత మళ్లీ కోశాం. ఈసారి రిపోర్టు కోసం ఆగకుండా నేనే వెళ్లి మైక్రోస్కోప్ దగ్గర కూర్చున్నాను. చుక్కలు వరసలో లేవు. పైన దట్టంగా, కిందికి పోయేకొద్దీ పలచగా, 100 మైక్రాన్ల దాకా చెల్లాచెదరుగా ఉన్నాయి. అసిస్టెంట్ కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి అన్నిటికంటే కింద ఉన్న చుక్కను చూపించింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటో పాతదానంత అందంగా లేదు. పోగులు లావు, మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు. నాకు మాత్రం ఆ ఫొటోయే నచ్చింది.

అడుగు దాకా ఎందుకు పోలేదంటే, ఇప్పుడు అడ్డం సందు కాదనుకుంటున్నాను. కదలకుండా ఉంచిన ప్లేటులో ఆక్సిజన్ కణజాలంలోకి 100, 200 మైక్రాన్లకు మించి సరిగా అందదు. పైన దట్టంగా పెరిగిన కణాలే దాన్ని తాగేస్తాయి. షీట్‌ను తిరగేసి రెండు వైపులా కణాలు వేస్తే మధ్యలో కలుసుకుంటాయా అన్నది చూస్తున్నాం.

సర్జన్ మేడం తడి షీట్‌ను ఫోర్సెప్స్‌తో పట్టుకుని చూశారు, అంచున ఒక కుట్టు వేసి లాగారు. చిరగలేదు. తర్వాత, "ఇది పోవడానికి ఎంత కాలం అన్నారు?" అని అడిగారు. రెండు మూడేళ్లు అన్నాను. "నా గాయం నెలల్లో మూసుకుంటుంది. మూసుకున్నాక రెండేళ్లు లోపల మీ ప్లాస్టిక్ ఎందుకు ఉండాలి?" అన్నారు. జవాబు చెప్పలేకపోయాను. సన్న పోగు దగ్గర ఎలా పొరబడ్డామో ఇక్కడా అలాగే పొరబడ్డాం, పోగు తీయడానికి తేలికని పాలిమర్‌ను ఎంచుకున్నాం.

ఇప్పుడు లాక్టైడ్, కాప్రోలాక్టోన్ కలిపిన 70:30 కోపాలిమర్ తెప్పించాం. పీసీఎల్ కంటే త్వరగా కరుగుతుంది. కానీ గది ఉష్ణోగ్రత దగ్గరే మెత్తబడే రకం, మే నెల వరంగల్ ఎండలో డ్రమ్ము మీదే ముడుచుకుంది. ఏసీ గదిలో తీసిన షీట్లు వేరే ఉన్నాయి. వాటి మీద కణాలు ఇంకా వేయలేదు. ముందు ఖాళీ షీట్‌ను 37 డిగ్రీల బఫర్‌లో పెట్టి, రోజూ పొద్దున్నే తీసి, ఎంత ముడుచుకుందో స్కేలుతో కొలుస్తున్నాం.